ఖాళీ చెక్కు మీద పెద్దాయన సంతకం

ప్రశ్న: అయ్యా, వందనాలు. మాది చిత్తూరు దగ్గర ఒక చిన్న సంఘం. నూటపది కుటుంబాలు ఉంటాయి. నేను హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాను, వయసు 64. తొమ్మిదేళ్లుగా సంఘ కార్యదర్శిని నేనే. సండేస్కూలు పిల్లలకు మేడమీద హాలు కట్టాలని చందాలు వసూలు చేశాం. బ్యాంకు ఖాతాకు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలూ ఉండాలి. కోశాధికారి 29 ఏళ్ల అబ్బాయి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ రాస్తాడు. మా అమ్మాయి కాన్పుకు నేను రెండు నెలలు బెంగళూరులో ఉండాల్సి వచ్చింది. పని ఆగకూడదని ఆరు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి అతని చేతికిచ్చి వెళ్ళాను. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మకు ఆపరేషను అన్నారు, వేలూరు తీసుకెళ్ళాడు. మూడు చెక్కులతో 2,40,000 తీసి వాడుకున్నాడు. తిరిగి కట్టేద్దామనుకున్నానని అన్నాడు. కమ్మీల డబ్బు కోసం సెంట్రింగ్ మేస్త్రీ వచ్చి నిలబడితే సంగతి బయటపడింది. 90,000 వెంటనే కట్టాడు. మిగతాది నెలకు 5,000 చొప్పున వాళ్ళ చెల్లెలు కవర్లో పెట్టి తెచ్చిస్తోంది.

సంఘం మీటింగులో అతన్ని నిలబెట్టి అడిగాం. అధ్యక్షత నాది. జరిగినదంతా కాగితం మీద రాసుకుని చదివిందీ నేనే. అతను ఒప్పుకున్నాడు. ఖాళీ చెక్కుల మాట ఎత్తలేదు. ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. నేనూ ఎత్తలేదు. అప్పటినుంచి అతను చర్చికి రావడంలేదు, ఏడు నెలలయింది. వచ్చే నెల కమిటీ ఎన్నికలు. నన్నే ఏకగ్రీవంగా ఉండమంటున్నారు. పాస్టరుగారికి చెప్పుకుంటే "ప్రేమ అనేక పాపములను కప్పును సార్, వదిలేయండి, ఇప్పుడు కదిపితే సంఘం చీలిపోతుంది" అన్నారు. మా ఆవిడేమో "నువ్వు రూపాయి ముట్టావా? పోయేదాన్ని తెచ్చి మెడకు చుట్టుకుంటావెందుకు" అంటోంది. నిజంగానే నేను రూపాయి తినలేదు. దేవుని దగ్గర ఒప్పుకున్నాను. అది చాలదా?

— ఒక సంఘ పెద్ద, చిత్తూరు

సమాధానం: వందనాలు సార్.

మీ ఉత్తరం పొద్దున చదివి పక్కనబెట్టి, సాయంత్రం మళ్ళీ తీశాను. డబ్బు లెక్క చూడటానికి కాదు. "ఒక్కసారి నా వైపు చూసి" అని రాశారే, అక్కడ ఆగిపోయాను. ఏళ్ల తరబడి క్లాసులో పిల్లల ముఖాలు చదివిన మనిషి మీరు. ఆ చూపులో ఏముందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మీకు తెలిసే ఈ ఉత్తరం రాశారు.

అసలు సంగతికి ముందు ఒక చిన్న పని. నేను ఇప్పుడు తిరుపతిలో ఖాళీగా కూర్చున్నా ఉద్యోగమంతా బ్యాంకులోనే చేశాను, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆరు చెక్కులిచ్చానన్నారు, మూడు వాడాడన్నారు. మిగతా మూడు ఎక్కడున్నాయి సార్? అవి అతని దగ్గరే ఉంటే తీసుకుని అడ్డంగా గీత కొట్టి ఫైల్లో పెట్టండి. కనబడకపోతే నంబర్లు రాసిచ్చి బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టించండి. చెక్కుకు మూడు నెలలే గడువు కదా అనుకోవచ్చు. 2012 నుంచి ఆ రూలు ఉన్నమాట నిజమే, కానీ ఆ మూడు నెలలు చెక్కు మీద వేసిన తేదీ నుంచి లెక్క. తేదీ లేని చెక్కుకు గడువు మొదలే కాదు. అతను మళ్ళీ ఏదో చేస్తాడని నేననడం లేదు. ఆ కాగితాలు ఇంకెవరి చేతికైనా దొరకొచ్చు.

ఇప్పుడు మీ మాటకొస్తాను. రూపాయి తినలేదన్నారు. నమ్ముతున్నాను, మీ సంఘంలో కూడా అందరూ నమ్ముతారు. చిక్కంతా ఆ నమ్మకంతోనే వచ్చింది. ఖాతాకు రెండు సంతకాలు ఎందుకు పెట్టుకున్నారు మీరు? ఆ పిల్లవాడి మీద అనుమానంతో కాదు గదా. డబ్బు దగ్గర ఏ మనిషినీ ఒంటరిగా వదలకూడదని. ఆస్పత్రిలో తల్లి మంచం మీద ఉంది, రేపు పొద్దున్నకల్లా డబ్బు కట్టమంటున్నారు, జేబులో పెద్దాయన సంతకం పెట్టిన చెక్కు ఉంది. మీరు ఊళ్ళో ఉండి, ఆ చెక్కు మీద మీ సంతకం లేకుండా ఉంటే, అతను ఆ రాత్రి మీకు ఫోన్ చేసేవాడు. "సార్, ఏం చెయ్యాలో తోచడంలేదు" అనేవాడు. మీరు కమిటీలో నలుగురికి చెప్పేవారు, తలా కొంత వేసుకునేవారు, కనీసం అప్పుగానైనా తీర్మానం రాసుకునేవారు. ఆ ఫోన్ కాల్ అవసరం లేకుండా చేసింది మీ సంతకం.

ప్రతి ఆదివారం మనం పరలోక ప్రార్థనలో "మమ్మును శోధనలోకి తేక" అంటాం. దేవుణ్ణి వద్దని వేడుకునే పనిని మన చేతులతో మరొకరికి చేస్తూ ఉంటాం. చట్టం కూడా ఈ విషయంలో సూటిగానే ఉంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ చదివితే, సంతకం పెట్టి ఖాళీగా చేతికిచ్చినవాడు దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే అని అర్థమవుతుంది.

అతను చేసింది తప్పు కాదని మాత్రం అనుకోకండి. నలుగురూ పిల్లల కోసం కూడబెట్టిన డబ్బు అడక్కుండా తీశాడు, మూడుసార్లు తీశాడు. మొదటిసారి కంగారు, మూడోసారి కంగారు కాదు. దానికి అతను కడుతున్నాడు, మాటపడ్డాడు, చర్చికి దూరమయ్యాడు. అతని వంతు అతను మోస్తున్నాడు. మీ వంతు కూడా అతనే మోస్తున్నాడు, అదీ మీ ఉత్తరం.

లేవీయకాండం నాలుగో అధ్యాయం ఒకసారి తీయండి. మన ప్రసంగాల్లో అది రాదు, పాపపరిహార బలులు, కొవ్వు, మూత్రగ్రంథులు అని వరసగా ఉంటుంది గనక దాటేస్తాం. కావాలని చేసిన పాపాల గురించి కాదు ఆ అధ్యాయం, పొరబాటున చేసినవాటి గురించి. సామాన్యుడు పొరబాటు చేస్తే ఆడమేకనో ఆడ గొర్రెపిల్లనో తేవాలి. అధికారి చేస్తే మగ మేకపిల్ల. అభిషేకం పొందిన యాజకుడు చేస్తే కోడెదూడ. సమాజమంతా కలిసి పొరబాటు చేస్తే? దానికీ అదే కోడెదూడ. యాజకుడొక్కడి పొరబాటు, ఊరంతా కలిసి చేసిన పొరబాటుతో సమానంగా తూగింది. సంతలో మేక ధరకూ కోడెదూడ ధరకూ ఎంత తేడానో చిత్తూరు మనిషికి చెప్పాలా. యాజకుడు రూపాయి తిన్నాడా లేదా అని ఆ అధ్యాయం అడగదు. అతని పొరబాటు వల్ల ప్రజల మీదికి అపరాధం వస్తుందని మాత్రం చెబుతుంది.

మీ సంఘంలో జరిగిందీ అదే. మీ సంతకం ఉందని మిగతావాళ్ళు చూడటం మానేశారు. "హెడ్మాస్టరు సారు ఉన్నాడు గదా" అనుకున్నారు. నాయకత్వం అంటే నాకు తెలిసినంతలో ఇంతే సార్, మనం ఉన్నామని జనం కళ్ళు పక్కకు తిప్పుకుంటారు. తిప్పుకున్న ఆ కళ్ళన్నిటి బదులూ మనం చూడాలి.

మందిరం డబ్బు సంగతి బైబిల్లో ఒకచోట బాగా విడమరిచి ఉంది. రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం. యోవాషు రాజు మందిరం బీటలు బాగుచేయమని యాజకులకు డబ్బు అప్పగించాడు. అతని ఏలుబడిలో 23వ ఏడు వచ్చింది, బీటలు అలాగే ఉన్నాయి. ఎవరూ తిన్నట్టు అక్కడ రాసిలేదు, పని మాత్రం కాలేదు. అప్పుడు యెహోయాదా అనే యాజకుడు ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖకుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ కలిసి వచ్చి, లెక్కచూసి సంచుల్లో కట్టేవారు. అదే అధ్యాయంలో, పనిచేయించేవాళ్ళు నమ్మకస్తులు గనక వాళ్ళను లెక్క అడగలేదని కూడా ఉంది. ఈ ఒక్క మాట పట్టుకుని "దేవుని పనిలో లెక్కలేంటండీ" అనే పెద్దల్ని నేను చాలామందిని చూశాను. ఆ డబ్బు వడ్రంగి చేతికి వెళ్ళేముందే ఇద్దరి కళ్ళ ముందు లెక్కకొచ్చింది, ఆ సంగతి ఈ మాటకు నాలుగైదు వచనాల ముందే రాసి ఉంది. యెరూషలేములోని బీదల కోసం వసూలైన సొమ్మును పౌలు కూడా తనొక్కడే చేతపట్టుకుని వెళ్ళలేదు. తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి జతచేశాడు, ఎవరూ తప్పుపట్టకుండా. అపొస్తలుడికే తోడు కావాల్సి వచ్చింది.

"దేవుని దగ్గర ఒప్పుకున్నాను, అది చాలదా" అన్నారు. ఇక్కడ నేను ఉపదేశం చెప్పే స్థితిలో లేను. నా సంగతి చెబుతాను, మీరే చూసుకోండి.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో బ్రాంచి. 1993, జూన్ నెల, మామిడి సీజను. మండీవాళ్ళు, లారీవాళ్ళు, కాయ కోసిన కూలీలు, పొద్దున పదింటికే కౌంటరు దగ్గర కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నేను అకౌంటెంటును, అంటే మేనేజరు తర్వాత మనిషిని. వేలిముద్ర వేసేవాళ్ళు డబ్బు తీసుకోవాలంటే, మనిషిని కళ్ళారా చూసి, పాసుబుక్కులో ఫొటోతో పోల్చి, ఫారం మీద నేను ఇనీషియల్ వేయాలి. ఆ రద్దీలో క్లర్కు ఫారాలన్నీ కట్టగా తెచ్చి టేబుల్ మీద పెట్టేవాడు. నేను వరసగా ఇనీషియల్స్ గీకేవాణ్ణి. అలా ఒక ముసలామె ఖాతాలోంచి నాలుగు విడతల్లో 11,000 పోయాయి. ఆమె ఒక్కసారి కూడా బ్యాంకుకు రాలేదు.

బయటపడ్డాక మా మేనేజరు పైఆఫీసు నుంచి కాగితం వచ్చేదాకా ఆగలేదు. ఆయన శ్రీవారి భక్తుడు, నుదుట నామం లేకుండా సీట్లో కూర్చునేవాడు కాదు, శనివారాలు ఒక్కపొద్దు. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచాం. ఆమె గడపలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. ఈయన చెప్పులు విప్పి, ఆమె ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు. "అమ్మా, నీ డబ్బు పోయింది. మా దగ్గరే పోయింది" అన్నాడు. ఆమె ఒలుస్తూనే అడిగింది: "నువ్వు తిన్నావా సామీ?" "తినలేదమ్మా. చూసుకోవాల్సినోణ్ణి, చూసుకోలేదు." ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. తర్వాత లేచి లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయనకిచ్చింది, నాకూ ఇచ్చింది.

ఫైలు పట్టుకుని నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. ఫారాల మీద ఇనీషియల్ నాది. ఆయన నా పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్రైస్తవుణ్ణి నేను, ఆ పని చేసింది ఆయన.

బ్యాంకు ఆమె డబ్బు కట్టేసింది. క్లర్కు ఉద్యోగం పోయింది. విచారణలో నాకు ఒక ఇంక్రిమెంటు కోత పడింది, అది పెద్ద లెక్క కాదు. ఆ ఆదివారమే నేను దేవుని దగ్గర ఒప్పుకున్నాను, క్షమాపణ దొరికిందనే ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎప్పుడైనా ఆ ఊరెళ్ళి ఆమెతో "ఆ గీత నాదమ్మా" అని ఒక్క మాట చెబుదామనుకుంటూనే ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయాను. రెండేళ్లకు ఆమె పోయిందని ఎవరో చెప్పారు. ముప్పై ఏళ్లు దాటింది. ఆ చెంబు మాత్రం నాకు ఇంకా గుర్తే.

కాబట్టి మీ ప్రశ్నకు నేనిచ్చే జవాబు, చాలదు. దేవుని దగ్గర తక్కువైందని కాదు. మీరు ఒప్పుకున్నది ఆయన దగ్గర, బాకీపడింది ఇంకొకరి దగ్గర. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతూ సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. గమనించండి, మనకు అతని మీద కోపం ఉంటే అనలేదు, అతనికి మన మీద ఉంటే అన్నాడు.

పాస్టరుగారి మీద గౌరవంతోనే ఒక మాట అంటాను. ప్రేమ అనేక పాపాలను కప్పుతుంది, పేతురు రాసిన మాట, ఎవరూ కాదనరు. ఏడు నెలల కిందట ఆ పిల్లవాణ్ణి నూటపది కుటుంబాల ముందు నిలబెట్టినప్పుడు ఆ దుప్పటి ఎక్కడుంది? తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు, పెద్ద మీద ఫిర్యాదు వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే తీసుకోమని చెప్పి, ఆ వెంటనే పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమంటాడు. పెద్దల గురించి మాట్లాడుతూ చెప్పిన మాట అది. మన సంఘాల్లో దాన్ని ఎవరిమీద వాడతాం? కుర్రవాళ్ళ మీద, ఆడపిల్లల మీద, చందా తక్కువ వేసే ఇళ్ల మీద. పెద్దల వంతు రాగానే పౌలును మూసి పేతురును తెరుస్తాం. సంఘం చీలిపోతుందన్న భయం పాస్టరుగారికి నిజంగానే ఉండి ఉంటుంది, ఆయన కష్టం ఆయనది. ఒక కుటుంబం ఇప్పటికే విడిపోయి ఇంట్లో కూర్చుందన్నది ఆయనకు గుర్తుచేయండి.

మీ ఆవిడ మాట మాత్రం తీసిపారేయకండి. ఆమె భయం డబ్బు గురించి కాదు, చిన్న ఊళ్ళో మాటల గురించి. అమ్మాయి అత్తవారిల్లు ఉంది, పాత స్టూడెంట్లు దారిలో నమస్కారం పెడతారు. ఆమెకు అంతా ముందే చెప్పి, ఏ రోజు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. చర్చిలో అందరితో పాటు మొదటిసారి వినే పరిస్థితి ఆమెకు రానివ్వకండి.

నైతిక బాధ్యత అనగానే మనకు రాజీనామా గుర్తొస్తుంది. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర ఇంకో ప్రమాదం. ఈసారి శాస్త్రిగారు పట్టుబట్టి దిగిపోయారు. మొన్నమొన్న 2024 నవంబరులో ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. పిల్లల్నీ కుర్రవాళ్ళనీ క్యాంపుల పేరుతో చేరదీసి హింసించిన ఒక మనిషి సంగతి 2013లో తన దాకా వచ్చినా, దాని వెంటపడలేదని విచారణ నివేదిక తేల్చింది. ఆయన చెయ్యి చేసుకున్నవాడు కాదు, చూడాల్సినవాడు. అంతవరకు మీకు చెప్పుకోదగ్గ ఉదాహరణే. తర్వాత జరిగింది కూడా వినండి. డిసెంబరులో బ్రిటన్ పార్లమెంటు పెద్దల సభలో వీడ్కోలు మాట్లాడుతూ ఆయన పదవి పోవడం గురించి కాస్త హాస్యమాడారు, సభలో నవ్వులు. దెబ్బలు తిన్నవాళ్ళకు అది పుండు మీద కారమైంది. మర్నాడు ఆయన మళ్ళీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

దీన్నిబట్టి మీకు రెండు మాటలు. రాజీనామాను చెప్పాల్సిన మాటకు బదులుగా వాడకండి. "ఆరోగ్యం బాగాలేదు, కొత్తవాళ్ళకు అవకాశం ఇద్దాం" అని మీరు ఈ ఎన్నికల్లో పక్కకు తప్పుకుంటే దండ వేసి శాలువా కప్పి పంపిస్తారు. ఆ శాలువా మీకు ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియదు. రెండోది, చెప్పేటప్పుడు నవ్వించకండి. హెడ్మాస్టర్లకు స్టేజీ ఎక్కగానే ఒక జోకు వేయడం అలవాటు.

సాక్ష్యంలాగా కూడా చెప్పొద్దు. మన సాక్ష్యాలు మీకు తెలుసు కదా. "నేను ఘోరపాపిని, అయోగ్యుణ్ణి" అని మొదలుపెడితే చివరికి అందరూ స్తోత్రం అంటారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు, మనిషి పెద్దవాడై దిగుతాడు. ఏం చేశాడో మాత్రం ఎవరికీ తెలియదు. మీరు నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని చదవండి. ఫలానా నెలలో ఆరు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చాను. అలా ఇవ్వకూడదని నాకు తెలుసు. మీటింగు రోజు ఈ సంగతి దాచిపెట్టి, అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని అతని మీద చదివాను. ఆ మీటింగు మినిట్స్‌లో దీన్ని చేర్చండి. అంతే. బెంగళూరు, కాన్పు, పని ఆగిపోతుందన్న తొందర, ఇవేవీ అందులోకి రాకూడదు. ఎవరైనా అడిగితే చెప్పొచ్చు. చివరి వాక్యం ముఖ్యం. పదేళ్ల తర్వాత ఎవరో ఆ పుస్తకం తెరిస్తే ఒక్క పేరే కనబడకూడదు.

ఇది ఎన్నికల ముందే జరగాలి, కమిటీలో ముందు, సంఘంలో తర్వాత. ఈసారికి పేరు వెనక్కి తీసుకోండి. సంఘం వద్దు సార్ ఉండండి అంటే కూడా ఒక టర్మ్ ఆగండి, మీ కోసం కాదు, వాళ్ళకు మళ్ళీ చూడటం అలవాటు కావడానికి. ఆదివారం కానుకలు ముగ్గురు కలిసి లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చేయడం, ఖాతా ఎస్ఎంఎస్‌లు ఒకరికే కాకుండా కమిటీలో ఇంకొకరికి కూడా తెలిసేలా చూడటం, నెల నెలా స్టేట్‌మెంటు చర్చి తలుపు పక్కన బోర్డుకు గుచ్చడం, ఇవి మీరే మొదలుపెట్టించి దిగండి.

మిగిలిన డబ్బు సంగతి. 1,50,000లో ఏడు నెలలకు 35,000 వచ్చి ఉంటుంది, ఇంకా 1,15,000. మీ పెన్షన్లోంచి చప్పుడు చేయకుండా అది కట్టేద్దామని మీకు ఈపాటికి అనిపించే ఉంటుంది. అలా చేయకండి. రహస్యంగా కడితే అది మౌనానికి కట్టిన ధర అవుతుంది, అతనికి మీరు ఇంకా పెద్దవారైపోతారు. ఇవ్వదలిస్తే సంఘంలో చెప్పిన తర్వాత, ఇందులో నా వంతు ఇంత అని అందరి ముందూ చెప్పి, రసీదు తీసుకోండి. అన్నట్టు, ఆ చెల్లెలు తెచ్చే కవరు లెక్కపెట్టి రసీదు రాస్తున్నది మీరేనా? అయితే ఈ నెల నుంచి ఆ పని ఇంకెవరికైనా ఇవ్వండి. ఆ అమ్మాయి మీ ముందు నిలబడి ఉండాల్సిన అవసరం లేదు.

వీటన్నిటికంటే ముందు వెళ్ళాల్సింది అతనింటికి. పాస్టరుగారి కంటే ముందు, కమిటీ కంటే ముందు. ఏం చెప్పబోతున్నారో అతనికి చెప్పండి. "వద్దు సార్, మళ్ళీ నా పేరు నలుగురి నోళ్ళలో పడుతుంది" అంటే, మీ తప్పు మాత్రం మీరు చెప్పుకుంటానని, అతని పేరు ఎత్తనని మాటివ్వండి. చర్చికి రమ్మని అడగొద్దు. క్షమించమని అడగండి గానీ, క్షమించానని అతనితో అనిపించుకోవడానికి కూర్చోవద్దు. అతను గట్టిగా మాట్లాడొచ్చు. ఏడు నెలలుగా లోపల పెట్టుకున్న మనిషి, మాట్లాడనివ్వండి.

ఆదివారం వెళ్ళకండి, పరిచర్యకు వచ్చారనుకుంటారు. ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యాక, వారం మధ్యలో ఏదో ఒక సాయంత్రం వెళ్ళండి. ఒక్కరే వెళ్ళండి. వాళ్ళమ్మకు ఆపరేషను అయింది గనక పళ్ళు తీసుకెళ్ళండి. బైబిలు ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. "ముందు ప్రార్థన చేసుకుందాం" అని మొదలుపెట్టొద్దు. మీరు ప్రార్థన అంటే అతను కళ్ళు మూసుకోవాలి, మీరూ మూసుకుంటారు. అతని ముఖం చూసి చెప్పండి.

తలుపు తీయకపోతే పళ్ళు చెల్లెలి చేతికిచ్చి వచ్చేయండి. రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళండి.